గుమాస్తా ఉన్నాడు... కొట్లో లేడు!

ఎక్కడో ఊళ్లో కూర్చుని పద్దులు రాసే కొత్త గుమాస్తాలు
పెట్టుకునే ముందు వర్తకులు చూసుకోవాల్సినవేమిటి?

చిలకలూరిపేట: రాత్రి తొమ్మిదిన్నర దాటింది. బజారులో కొట్లన్నీ కట్టేశారు. ఎరువులు, పురుగుమందుల కొట్టు ఒక్కదానికి మాత్రం షట్టరు సగమే దించి ఉంది. లోపల లైటు వెలుగుతోంది. యజమాని ముందు ఒక పక్క చేతిరాత బిల్లు పుస్తకం, ఇంకో పక్క కంపెనీల ఇన్‌వాయిస్‌ల కట్ట, మధ్యలో కాలిక్యులేటరు. ఇంటి దగ్గర అన్నం చల్లారిపోతోంది. రేపు ఇరవయ్యో తారీకు. జీఎస్టీ రిటర్ను వేయాలి.

ఇది ఏ ఒక్క కొట్టు కథో కాదు. నరసరావుపేట, సత్తెనపల్లి, పర్చూరు, ఇంకొల్లు, అద్దంకి... పత్తి, మిరప పండే ఈ నేల మీద ఏ బజారుకు వెళ్లినా నెలకోసారి కనిపించే దృశ్యమే. పగలంతా రైతులతో బేరాలు, బస్తాల దిగుమతి, అప్పుల వసూళ్లు. రాత్రికి లెక్కలు. సరుకు తెలిసిన యజమానికి కంప్యూటరు తెలియదు. కంప్యూటరు తెలిసిన కొడుకు హైదరాబాదులో ఉంటాడు, లేకపోతే అమెరికాలో ఉంటాడు. మరి లెక్కలు ఎవరు రాయాలి?

ఈ ప్రశ్నకు ఇప్పుడిప్పుడే ఒక జవాబు వినిపిస్తోంది. గుమాస్తాను పెట్టుకోవడం, కానీ కొట్లో కూర్చోబెట్టకపోవడం. అతడు వేరే ఊళ్లో తన ఇంట్లోనే ఉంటాడు. బిల్లులు ఫొటోలు తీసి ఫోనులో పంపితే అక్కడే కంప్యూటరులో ఎక్కిస్తాడు. పట్నాల్లో ఇలాంటి వాళ్లను వర్చువల్ అసిస్టెంట్ అంటున్నారు. మన భాషలో చెప్పాలంటే దూరపు గుమాస్తా.

పాత గుమాస్తా చేసిన పనులు

గుంటూరు మిరపకాయల కొట్లలో, పత్తి కొట్లలో గుమాస్తా అంటే జీతగాడు మాత్రమే కాదు. ఏ రోజు జమాఖర్చు ఆ రోజు చిట్టాలో రాసేవాడు. చిట్టాలోంచి మనిషి మనిషికీ ఆవర్జాలో పద్దు ఎక్కించేవాడు. రైతు వచ్చి గడప దగ్గర నిలబడి "సావుకారు గారూ, నా పద్దు ఎంత తేలింది?" అని అడిగితే, సావుకారు గుమాస్తా వైపు చూసేవాడు. గుమాస్తా పుస్తకం తిప్పకుండానే చెప్పేవాడు. ఏ రైతు ఏ ఏడు ఎన్ని టిక్కీలు తెచ్చాడో, కూతురి పెళ్లికి ఎంత వాడుకున్నాడో, ఎవరు తీర్చే మనిషో, ఎవరు తప్పించుకు తిరిగే మనిషో అతడికి నోటికి వచ్చు. ఏటా కొత్త పుస్తకానికి పసుపు పూసి మొదటి పద్దు రాసేది కూడా అతడే.

ఆ తరం గుమాస్తాలు పెద్దవాళ్లయిపోయారు. వాళ్ల పిల్లలు ఆ పనిలోకి రాలేదు. రమ్మని అడిగిన తండ్రి కూడా లేడు. పొద్దున ఎనిమిదికి వచ్చి రాత్రి తొమ్మిదికి వెళ్లే కొలువు, సీజనులో ఆదివారం కూడా ఉండదు. చదువుకున్న కుర్రాడు ఎందుకు వస్తాడు?

ఇంతలో 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. అప్పటిదాకా చిట్టా రాసుకుని ఏడాదికోసారి ఆడిటరుకు ఇస్తే సరిపోయిన చిన్న కొట్టుకు కూడా నెలనెలా లెక్క చూపే పని పడింది. నెలవారీ పద్ధతిలో ఉన్నవాళ్లు అమ్మకాల వివరం మరుసటి నెల 11వ తేదీలోగా, పన్ను రిటర్ను 20వ తేదీలోగా వేయాలి. ఏడాది వ్యాపారం 5 కోట్ల రూపాయలు మించని వాళ్లు 2021 జనవరి నుంచి మూడు నెలలకోసారి రిటర్ను వేసుకోవచ్చు. పన్ను మాత్రం నెలనెలా కట్టాల్సిందే. గడువు దాటితే రోజుకు 50 రూపాయలు, లావాదేవీలేమీ లేని రిటర్ను అయితే రోజుకు 20 రూపాయల చొప్పున ఆలస్య రుసుం. కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ అదనం. 50 వేలు దాటిన సరుకు లారీ ఎక్కితే ఈ-వే బిల్లు ఒకటి.

పట్నంలో ఆడిటరు ఉన్నాడు కదా అనవచ్చు. ఉన్నాడు. కానీ ఆడిటరు రిటర్ను వేస్తాడే తప్ప, నలిగిపోయిన బిల్లు పుస్తకంలోంచి ముప్పై రోజుల అమ్మకాలు ఏరి రాయడు. ఆ మధ్య పనే ఇప్పుడు అనాథ అయింది.

ఈ ఊహ కొత్తది కాదు

కంప్యూటరులో పద్దులు రాయడానికి మన కొట్లన్నీ వాడే ట్యాలీ పుట్టుక కూడా ఇలాంటి ఇబ్బందిలోంచే. బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా అనే వ్యాపారి బట్టల మిల్లులకు ముడిసరుకు, యంత్రాల భాగాలు సరఫరా చేసేవారు. తన లెక్కలకు సరిపోయే సాఫ్ట్‌వేరు దొరక్క, లెక్కల డిగ్రీ చదివిన కొడుకు భరత్ గోయెంకాను తయారు చేయమన్నారు. అది 1986 నాటి మాట. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

పల్లెలో కూర్చుని పట్నం పని చేయడమూ తెలుగువాళ్లకు కొత్త కాదు. రెండు వేల సంవత్సరం దాటాక బైర్రాజు ఫౌండేషన్ వారు గ్రామ్ఐటీ పేరిట గోదావరి జిల్లాల పల్లెల్లో కేంద్రాలు పెట్టారు. పశ్చిమ గోదావరిలోని జల్లికాకినాడ వాటిలో ఒకటి. ఊరి పిల్లలే కంపెనీల కాగితాలు కంప్యూటరులో ఎక్కించేవారు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడ్డాక ఆ ఫౌండేషన్‌కు అండ పోయింది. 2008లో మొదలైన రూరల్‌షోర్స్ అనే సంస్థ మన ఉమ్మడి అనంతపురం సరిహద్దును ఆనుకుని ఉన్న బాగేపల్లిలో ఇటువంటి కేంద్రమే పెట్టింది. అది కర్ణాటకలో ఉన్నా ఇళ్లలో తెలుగు వినిపించే ఊరు.

అయితే అవన్నీ పెద్ద కంపెనీల పనులు. వంద మంది కూర్చునే హాలు, జనరేటరు, సూపర్‌వైజరు కావాలి. ఇప్పుడు జరుగుతున్నది వేరు. ఒక చిన్న కొట్టు, ఒక మనిషి, మధ్యన ఒక ఫోను.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు గుంటూరు మిర్చి యార్డు మూతపడింది. కొట్టుకు రాలేని గుమాస్తాలు ఇంటి దగ్గర నుంచే బిల్లుల ఫొటోలు తెప్పించుకుని పద్దులు ఎక్కించడం అప్పుడు చాలామందికి అనుభవంలోకి వచ్చింది. ఊళ్లో ఉండి చేయగలిగిన పని, పక్క జిల్లాలో ఉండి ఎందుకు చేయలేరన్న ఆలోచన అక్కడే మొలకెత్తింది.

ఎంత పని? ఎన్ని గంటలు?

మాటవరసకు ఒక కొట్టు లెక్క చూద్దాం. మామూలు రోజుల్లో రోజుకు ముప్పై బిల్లులు తెగుతాయనుకుందాం. చేయి తిరిగిన మనిషి ఒక బిల్లు ఎక్కించడానికి మూడు నిమిషాలు పడుతుంది. అంటే రోజుకు గంటన్నర. నెలకు ఇరవై ఆరు రోజులు వేసుకున్నా 39 గంటలు. పూర్తి జీతం ఇచ్చి మనిషిని కూర్చోబెట్టేంత పని లేదు. అదే ఆగస్టు, సెప్టెంబరుల్లో పత్తికి, మిరపకు మందులు కొట్టే రోజుల్లో బిల్లులు ఎనభై అయితే రోజుకు నాలుగు గంటల పని. అంటే ఈ వ్యాపారానికి ఏడాది పొడవునా ఒకే కొలత గల మనిషి నప్పడు. పెరిగి తరిగే మనిషి కావాలి. దూరపు గుమాస్తాలో ఉన్న అసలు సదుపాయం ఇదే. మూడు నాలుగు కొట్ల లెక్కలు ఒక్కరే చూసుకోవచ్చు. ఒక కొట్టుకు పని తగ్గితే ఇంకో కొట్టు ఉంటుంది.

బిల్లులు ఎక్కించడం కన్నా పెద్ద పని ఇంకొకటి ఉంది. కొనుగోళ్లు సరిపోల్చడం. దీన్ని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే చాలా కొట్లలో డబ్బు కారిపోయేది ఇక్కడే.

పురుగుమందుల మీద జీఎస్టీ 18 శాతం. డిస్ట్రిబ్యూటరు దగ్గర లక్ష రూపాయల మందు కొంటే 18 వేలు పన్ను కలిపి 1,18,000 ఇవ్వాలి. ఆ 18 వేలను తాను కట్టాల్సిన పన్నులోంచి మినహాయించుకోవచ్చు. అయితే డిస్ట్రిబ్యూటరు ఆ బిల్లును తన లెక్కలో చూపాలి. చూపితేనే అది మన కొట్టు పేరిట జీఎస్టీఆర్-2బీ అనే పట్టికలో కనిపిస్తుంది. 2022 జనవరి నుంచి ఆ పట్టికలో కనిపించని బిల్లుకు మినహాయింపు లేదు. డిస్ట్రిబ్యూటరు మరిచిపోయినా, మన జీఎస్టీ నంబరులో ఒక్క అక్షరం తప్పు కొట్టినా 18 వేలు గాలికి పోయినట్లే. అడిగి సరిచేయించుకోవడానికి గడువు కూడా ఉంది. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటితే ఇక అంతే సంగతులు.

కొట్టు చిన్నదే కావచ్చు. డబ్బు చిన్నది కాదు. నెలకోసారి ఆ పట్టిక తీసి, చేతిలో ఉన్న బిల్లులతో పోల్చి, కనిపించని బిల్లు ఎవరిదో చూసి డిస్ట్రిబ్యూటరుకు ఫోను చేసే మనిషి ఉంటే, ఆ ఒక్క పనితోనే అతడి జీతం తిరిగి వస్తుంది. రాత్రి పది గంటలకు నిద్ర కళ్లతో కూర్చున్న యజమాని ఈ పని చేయలేడు. చేయడం లేదు కూడా.

జిన్నింగు మిల్లులకు పత్తి పంపే వాళ్ల లెక్క ఇంకో రకం. రైతు దగ్గర ముడి పత్తి కొంటే రైతు పన్ను కట్టడు. జీఎస్టీ నంబరున్న కొనుగోలుదారే 5 శాతం కట్టి, ఆ తర్వాత మినహాయింపు తీసుకోవాలి. 2017 నవంబరు నుంచి ఈ పద్ధతి ఉంది. ఇది తెలియని దూరపు గుమాస్తాకు పత్తి లెక్క అప్పజెప్పడం ఈత రానివాడి చేతికి తెడ్డు ఇవ్వడమే.

ఇక ఇంటి కారం, పచ్చళ్లు తయారుచేసి హైదరాబాదుకు, పై దేశాలకు పంపే మహిళలకు లెక్కల కన్నా మాటల పని ఎక్కువ. ఆర్డరు తీసుకోవడం, ధర చెప్పడం, పార్శిలు నంబరు పంపడం, అమెరికాలో ఉన్న కొనుగోలుదారు మన అర్ధరాత్రి అడిగిన దానికి జవాబివ్వడం. రోకలి దగ్గర ఉన్న మనిషి ఫోను పట్టుకోలేదు. ఇక్కడ దూరపు మనిషి చేతికి అందివస్తాడు.

ఇవి మాత్రం అప్పజెప్పకూడదు

దూరం నుంచి అన్నీ జరగవు. రాయితీ ఎరువు బస్తా అమ్మాలంటే కొట్లోని పాస్ యంత్రం మీద రైతు ఆధార్ నమోదు కావాలి, వేలిముద్ర పడాలి. దేశమంతటా 2018 నాటికి ఈ పద్ధతి వచ్చింది. రైతూ, యంత్రమూ కొట్లోనే ఉంటారు కనుక ఆ పనికి ఎదురుగా మనిషి ఉండాల్సిందే. కాటా దగ్గర, గోడౌను దగ్గర కూడా అంతే.

రెండోది మరీ ముఖ్యమైనది. 2021-22 సీజనులో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప తోటలను ఎలా ఊడ్చేసిందో ఇక్కడి రైతుకు ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. పూత మీద వాలి, కాయ నిలవనీయకుండా చేసింది. ఎకరాలకు ఎకరాలు దున్నేశారు. అలాంటి రోజుల్లో రైతు చేసే మొదటి పని ఆకు ఫొటో తీసి మందుల కొట్టుకు పంపడం. "బాబాయ్, ఇదేం తెగులు? ఏం కొట్టమంటావు?" అని అడగడం. ఆ ఫోను ఇప్పుడు దూరపు గుమాస్తా చేతిలో ఉంటే? అతడికి మిరప చెట్టుకూ వంగ చెట్టుకూ తేడా తెలియకపోవచ్చు. కొట్లో ఎక్కువ నిల్వ ఉన్న మందు పేరు పంపిస్తే? ఒక తప్పు జవాబుకు ఒక ఎకరం పోతుంది.

పురుగుమందులు అమ్మే వాళ్లకు చదువు ఉండాలని 2017లో నిబంధన తెచ్చింది ఇందుకే. వ్యవసాయ సంబంధ చదువు లేని డీలర్ల కోసం హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లోనే దేశీ అనే ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. ఆ సర్టిఫికెట్టు గోడకు తగిలించుకున్నది యజమాని. జవాబు చెప్పాల్సిందీ యజమానే. దూరపు గుమాస్తా చేయదగిన పని ఒకటే: "ఫొటో అందింది, సావుకారు గారు చూసి చెబుతారు" అని రాసి, ఆ ఫొటోను యజమాని కళ్ల ముందు పెట్టడం. ఈ ఒక్క నియమం పెట్టుకోని కొట్టు అసలు ఈ పద్ధతి జోలికి పోకపోవడమే మంచిది.

తాళం చెవులు ఎవరి దగ్గర?

పాత గుమాస్తా రాత్రి పుస్తకం పెట్టెలో పెట్టి, తాళం వేసి, చెవి సావుకారు చేతికి ఇచ్చి వెళ్లేవాడు. ఇప్పుడు పెట్టె లేదు. తాళాలు మాత్రం నాలుగైదు ఉన్నాయి. జీఎస్టీ పాస్‌వర్డు, ఈ-వే బిల్లు పాస్‌వర్డు, బ్యాంకు పాస్‌వర్డు, ఫోనుకు వచ్చే ఓటీపీ, యూపీఐ పిన్. పని త్వరగా తెమలాలని అన్నీ ఒక చీటీ మీద రాసి ఫొటో తీసి పంపే వాళ్లున్నారు. అలా పంపడం ఇంటి తాళాలు బజారులో వేలాడదీయడమే.

అన్నీ ఇవ్వకుండానే పని జరిపించుకోవచ్చు. ఈ-వే బిల్లు వెబ్‌సైటులో యజమాని తన కింద వేరే మనిషికి ఉప లాగిన్ ఇచ్చి, ఏ పని చేయవచ్చో కూడా నిర్ణయించవచ్చు. మనిషి మానేస్తే ఆ లాగిన్ తీసేయవచ్చు. ట్యాలీలో యజమానికి ఒక స్థాయి, పద్దులు ఎక్కించే మనిషికి ఒక స్థాయి పెట్టుకునే వీలుంది. వాట్సాప్‌ను యజమాని ఫోనులోనే ఉంచి, గుమాస్తా కంప్యూటరుకు జోడించవచ్చు. వద్దనుకుంటే ఒక్క నొక్కుతో తెంచేయవచ్చు. జీఎస్టీ రిటర్నును గుమాస్తా తయారు చేసి పెట్టవచ్చు. ఆఖరి ఓటీపీ మాత్రం యజమాని తన చేత్తో కొట్టాలి. కొట్టే ముందు అంకె చూడాలి.

బ్యాంకు సంగతి వేరుగా చెప్పాలి. లెక్క సరిపోల్చడానికి గుమాస్తాకు కావలసింది స్టేట్‌మెంటు మాత్రమే. అది డౌన్‌లోడు చేసి పంపితే చాలు. చాలా బ్యాంకులు కరెంటు ఖాతాలకు చూడడానికి మాత్రమే వీలయ్యే లాగిన్ కూడా ఇస్తాయి. యూపీఐ పిన్ ఎవరికీ చెప్పకూడదు. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు, పోవడానికే కావాలి. ఖాతాలోంచి సొమ్ము పోయినట్లు తెలిస్తే పంచాయితీలు, పెద్దమనుషులు అని తిరగకుండా ముందు 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్ము ఆపడానికి అంత వీలు.

ఇక్కడ రైతుల మాట కూడా ఉంది. ఆవర్జా అంటే కొట్టు లెక్క ఒక్కటే కాదు. ఊళ్లో ఎవరెవరికి ఎంత అప్పుందో చెప్పే పుస్తకం. అందులో పట్టాదారు పాసు పుస్తకాల నకళ్లు, ఆధార్ నంబర్లు, ఫోను నంబర్లు ఉంటాయి. పాత గుమాస్తా అదే ఊరివాడు. నోరు జారితే రచ్చబండ మీద మాట పడేవాడు. దూరపు మనిషికి ఆ బెరుకు లేదు. జనం వివరాలు కాపాడే బాధ్యతను వాటిని తీసుకున్న వాళ్ల మీదే పెడుతూ 2023లో కేంద్రం డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. చట్టం సరే. ఎవరి అప్పు వివరాలు వాట్సాప్ గ్రూపులో తిరిగాయో ఆ రైతు మళ్లీ ఆ కొట్టు గడప తొక్కడు. పద్దు ఎక్కించడానికి పేరు, ఊరు, మొత్తం చాలు. ఆధార్ కాగితం పంపాల్సిన పనే లేదు.

మనిషిని ఎంచేదెలా?

ఇంటర్వ్యూలో అందరూ అన్నీ వచ్చంటారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్లు, రెండు నెలలు గడిచాక నిజం తెలుస్తుంది. దీనికి తేలికైన మార్గం ఉంది. పూర్తయిపోయిన పాత నెల ఒకటి తీసుకోవాలి. రిటర్ను వేసేశాం, అంకెలు మనకు తెలుసు. ఆ నెల బిల్లుల్లో ఒక వారానివి ఫొటోలు తీసి, రైతుల ఆధార్, ఫోను నంబర్లు కనబడకుండా పంపి, ఎక్కించమనాలి. ఆ పనికి డబ్బు ఇవ్వాలి. ఊరికే చేయించుకోకూడదు. వచ్చిన మొత్తం మన మొత్తంతో కలిసిందా? కలవకపోతే ఎక్కడ తేడా వచ్చిందో అతడే పట్టుకోగలిగాడా? అర్థం కాని బిల్లు వచ్చినప్పుడు అడిగాడా, లేక తోచింది వేసేశాడా? ఈ చివరి ప్రశ్నే ముఖ్యం. అడిగే మనిషిని పెట్టుకోవాలి. తోచింది వేసే మనిషి ఎంత వేగంగా చేసినా వద్దు.

తెలుగు చేతిరాత చదవగలగాలి. మన బిల్లు పుస్తకాల రాత చదవడం అంటే చిన్న పరీక్ష కాదు. "కోటేశ్వరరావు, పెద్ద చెరువు కట్ట" అని ఉంటే, అదే పేరుతో ఉన్న ఇంకో ముగ్గురి ఖాతాల్లో ఎక్కించకుండా చూడాలి. టిక్కీ అంటే ఏమిటో, తరుగు ఎందుకు తీస్తారో, తేజకూ 334కూ ధర ఎందుకు తేడానో తెలిసి ఉంటే మంచిది. తెలియకపోతే ఒక రోజు కొట్టుకు పిలిచి చూపించాలి. బస్సు చార్జీ ఇచ్చి ఒక్కసారి పిలిపించుకుంటే, ముఖం చూసిన పరిచయం కూడా అవుతుంది. దూరపు మనిషి అన్నంత మాత్రాన ఎప్పటికీ ముఖం చూడకూడదని ఎక్కడా లేదు.

డబ్బు సంగతి మొదటి రోజే తేల్చుకోవాలి. బిల్లుకు ఇంతని మాట్లాడుకుంటే పరుగెత్తి తప్పులు చేస్తారు. గంటకు ఇంతంటే గంటలు ఎవరు లెక్క పెడతారన్న పేచీ. నెలకు కొంత స్థిరంగా ఇచ్చి, ఇన్ని బిల్లులు దాటితే ఇంత అదనం అని మాట్లాడుకోవడం ఈ వ్యాపారానికి నప్పుతుంది. సీజనులో పని చేయించుకుని ఆ తర్వాత ఫోను ఎత్తని యజమానులు లేకపోలేదు. అలాంటి కొట్టుకు మంచి గుమాస్తా నిలవడు. ఏ పని, ఏ తేదీకి, ఎంత డబ్బు, మానేస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, లెక్కల ఫైళ్లు ఎవరివి అన్నవి ఒక తెల్ల కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి. లెక్కల ఫైళ్లు యజమానివి. వారానికోసారి వాటి నకలు యజమాని కంప్యూటరులోకి రావాలి. మనిషి మాయమైనా పద్దులు మాయం కాకూడదు.

రైతు చేతిలో పట్టీ ఉండాలి

కంప్యూటరులో ఎక్కింది కదా అని రైతు ధీమాగా ఉండటానికి లేదు. ఎక్కించేది మనిషే. 15,200 అని రాసింది 12,500 అని పడవచ్చు. పాత రోజుల్లో గుమాస్తా ఎదురుగా ఉండేవాడు కనుక రైతు అక్కడికక్కడే అడిగేవాడు. ఇప్పుడు కొట్లో కుర్రాడిని అడిగితే "లెక్కలు ఇక్కడ చూడరు, ఫోను చేసి కనుక్కోవాలి" అంటాడు. ఆ మాటతో రైతు వెనక్కి పోకూడదు.

మిరపకాయలు అమ్మినప్పుడు కమీషన్ కొట్టు ఇచ్చే పట్టీ, మందులు తెచ్చినప్పుడు ఇచ్చే బిల్లు, బాకీ కట్టినప్పుడు ఇచ్చే రశీదు ఈ మూడూ కాగితం మీద తీసుకుని దాచుకోవాలి. ఫోనుకు వచ్చిన మెసేజీ ఉంటే అదీ చెరపకూడదు. నెలకోసారి తన ఖాతా నకలు పంపమని కొట్టును అడిగే హక్కు రైతుకు ఉంది. కంప్యూటరు లెక్క కనుక ఇది రెండు నిమిషాల పని. పంపం అన్న కొట్టు ఉంటే ఎందుకు పంపరో ఆలోచించాలి. వడ్డీ ఎప్పటి నుంచి వేస్తున్నారు, బాకీ కట్టిన రోజునే జమ పడిందా అన్నవి ఆ నకలులో చూసుకోవాలి. నిజానికి దూరపు గుమాస్తా వల్ల రైతుకు కలిసివచ్చే లాభం ఏదైనా ఉంటే అది ఇదే. పసుపు పూసిన పాత ఆవర్జాను రైతు చేతికి ఎవరూ ఇచ్చేవారు కాదు.

చదువుకున్న కోడళ్లకు పని

బీకాం చదివి, పెళ్లయి, పల్లెటూరికి వచ్చిన అమ్మాయిలు మన ప్రాంతంలో ఊరూరా ఉన్నారు. ట్యాలీ నేర్చుకుని, ఏడాది రెండేళ్లు పట్నంలో ఉద్యోగం చేసి, పిల్లలు పుట్టాక మానేసిన వాళ్లు. కొట్టుకు వెళ్లి కూర్చునే పని వాళ్లకు కుదరదు, ఇంట్లో ఒప్పుకోరు కూడా. ఈ పని కుదురుతుంది. రోజుకు రెండు మూడు గంటలు, ఒక పాత కంప్యూటరు, నమ్మకమైన ఇంటర్నెట్టు చాలు. ఇంటి నుంచి పని చేసే అవకాశాలు పెంచుతామని, అందులో మహిళలకు ముందు చోటిస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. ప్రభుత్వం అనుకున్నవి పెద్ద కంపెనీల ఉద్యోగాలు. నాలుగు మైళ్ల దూరంలోని ఎరువుల కొట్టు లెక్కలు కూడా ఉద్యోగమేనని అటు ఆ అమ్మాయికీ తెలియదు, ఇటు ఆ కొట్టు యజమానికీ తెలియదు. వీళ్లిద్దరినీ కలిపే మనిషి ఊళ్లో లేడు. ఆడిటరు దగ్గర గుమాస్తాగా ఉన్నవాళ్లను, ట్యాలీ నేర్పే ఇన్‌స్టిట్యూట్లను అడిగితే పేర్లు దొరుకుతాయి.

ఇంటి దగ్గర కూర్చుని నెలకు వేలు సంపాదించండని ఫోనుకు వచ్చే మెసేజీలు ఇంకో సంగతి. రిజిస్ట్రేషను ఫీజు కట్టమనేవి, పనిలో తప్పులు దొర్లాయి, పరిహారం కట్టకపోతే కేసు పెడతామని బెదిరించేవి అన్నీ మోసాలే. పని ఇచ్చేవాడు డబ్బు అడగడు, ఇస్తాడు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు యార్డుకు రోజూ టిక్కీలు లక్షల్లో దిగేటప్పుడు కొత్త మనిషిని పెట్టుకోవడం కుదరని పని. నేర్పే తీరిక యజమానికి ఉండదు, తప్పు జరిగితే దిద్దుకునే వ్యవధి ఉండదు. పురుగుమందుల కొట్లకైతే ఆగస్టు, సెప్టెంబరు నెలలు అంతే. వేసవిలో మిర్చి యార్డుకు సుమారు నెల రోజులు సెలవులిస్తారు. మే నెల ఎండల్లో ఎరువుల కొట్లకూ బేరాలుండవు. పాత నెల బిల్లులు తీసి పరీక్ష పెట్టడానికి, అప్పటికి తేలని ఖాతాలు సరిచేయించడానికి, ఎవరికి ఏ తాళం ఇవ్వాలో అనుకోవడానికి ఆ రోజులే అనువు. జూన్‌లో మొదటి వాన పడి, పత్తి విత్తనాల కోసం రైతులు బారులు తీరే నాటికి కొత్త గుమాస్తాకు కనీసం యాభై ఖాతాల పేర్లయినా నోటికి వచ్చి ఉండాలి.